ఇంట్లో కంప్యూటర్ లైనక్స్‌కి మార్చాలి, మావారిని ఒప్పించేదెలా?

గోదారి_గట్టు
మా ఇంట్లో ఉన్నది ఒకటే కంప్యూటర్. 2016లో రాజమండ్రిలో అసెంబుల్ చేయించాం. ఆరో తరం ఐ3, 8 జీబీ ర్యామ్, 1 టీబీ హార్డ్‌డిస్క్, విండోస్ 10. మొన్న 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి సెక్యూరిటీ అప్‌డేట్లు ఆగిపోయాయి. విండోస్ 11 వేద్దామంటే మా ప్రాసెసర్ జాబితాలో లేదు. ఇంటెల్‌లో దాదాపుగా ఎనిమిదో తరం నుంచే తీసుకుంటుంది, పైగా టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్ ఉండాలి. శుభ్రంగా నడుస్తున్న మెషిన్ పక్కన పడేసి కొత్తది కొనడానికి నాకు మనసొప్పడం లేదు. విండోస్ బదులు ఉచితంగా దొరికే లైనక్స్‌లో ఒక రకమైన మింట్ వేద్దామని నా ఆలోచన. ఆఫీసులో మూడేళ్లుగా ఇంకో రకం లైనక్స్ అయిన ఉబుంటు మీదే పని చేస్తున్నాను కాబట్టి నాకు భయం లేదు.

చిక్కంతా మావారితో. ఎప్పుడు ఎత్తినా "నడిచేదాన్ని కెలకొద్దు" అని ఒకటే మాట. బ్యాంకు పనులు, పాప స్కూల్ ఫీజులు అన్నీ దాంట్లోనే కడతాం, అప్‌డేట్లు లేకుండా ఎన్నాళ్లు నడుపుతాం? మూడుసార్లు మాట్లాడాను, మూడోసారి గొడవే అయింది. ఇంట్లోవాళ్లని ఒప్పించినవాళ్లు ఉంటే ఎలా ఒప్పించారో చెప్పండి.

కాఫీ_డికాషన్
మీ ఆవిడ దేనికి వాడతారు బ్రో? యూట్యూబ్, వాట్సాప్ అయితే మారినట్టు కూడా తెలీదు. రాత్రికి రాత్రి వేసెయ్, పొద్దున చూసుకుంటారు.

గోదారి_గట్టు
ఆవిడ కాదండీ, ఆయన. ఆవిడని నేను.

కాఫీ_డికాషన్
సారీ అక్కా, టైటిల్ చూడకుండా కిందది చదివేశా.

మిరపబజ్జీ
కిందదాంట్లో కూడా మావారనే ఉంది డికాషనూ 😀

ఉప్పల్_రింగ్‌రోడ్
రాత్రికి రాత్రి వేసే పని మాత్రం పెట్టుకోకండి. నేను చేసిన, అందుకే చెప్తున్న. లాక్‌డౌన్ టైంల మా ఇంటామె ఆన్‌లైన్ క్లాసులు చెప్పేది. సిస్టం స్లో అయిందని తను పడుకున్నంక ఉబుంటు వేసిన. ఫైళ్లన్నీ బ్యాకప్ తీసిన, ఒక్కటి గూడ పోలే. పొద్దున ఎనిమిదిన్నరకు క్లాసు. తను కూసుని చూస్తే స్క్రీన్ వేరే, డి డ్రైవ్ కనవడ్తలే, పీపీటీలు ఏడున్నయో తెల్వదు. నేను స్నానంల ఉన్న. అటు నలభై మంది పిల్లలు ఎదురుచూస్తున్నరు. నాలుగు రోజులు నాతోని మాట్లాడలే. ఫైళ్లు పోలేదు గదా అని నేను వాదిస్తే ఇంకింత కోపమొచ్చింది. క్లాసు పోయింది గదా మరి, ఆమె అన్నది నిజమే. ఆదివారం మళ్ల విండోస్ వేసిచ్చిన.

వంటింటి_వాకిలి
ఉప్పల్ గారు, మీ ఇంటావిడ స్థానంలో ఉన్నదాన్ని నేను. మావారు చెప్పే వేశారు, అయినా మొదటి వారం నాకు కన్నీళ్లే. డి డ్రైవ్ ఏమైంది అని ఎన్నిసార్లు అడిగానో. మన ఇళ్లల్లో పెళ్లి ఫోటోలు, పిల్లల సర్టిఫికెట్ స్కాన్లు, కరెంటు బిల్లులు సమస్తం డి డ్రైవే కదా. లైనక్స్‌లో సి, డి అనే అక్షరాలే ఉండవు. ఆ పార్టిషన్ ఉంటుంది, కానీ ఫైల్స్ కిటికీలో పక్కన ఏదో అంకెల పేరుతో కనిపిస్తుంది. చివరికి ఆయన దానికి "డి డ్రైవ్" అని పేరు పెట్టి, కంప్యూటర్ ఆన్ అవగానే తెరుచుకునేలా చేసి, డెస్క్‌టాప్ మీద ఐకాన్ పెట్టారు. పది నిమిషాల పని. ఆ పది నిమిషాలు మొదటిరోజే పెట్టుంటే నేను అంత ఇబ్బంది పడేదాన్ని కాదు.

సీమ_శెనిక్కాయ
మీ ఆయనకు దాంట్లో ఏం పనో చెప్పకపోతే మేమేం చెప్పేదక్కా?

గోదారి_గట్టు
పగలు సొసైటీలో గుమాస్తా ఉద్యోగం. సాయంత్రాలు ఇంట్లో డీటీపీ చేస్తారు. శుభలేఖలు, గృహప్రవేశాల కార్డులు, పెద్దకర్మ కార్డులు, మా వీధిలో ట్యూషన్ సెంటర్ల ప్రశ్నపత్రాలు. పేజీలు అమర్చే పేజ్‌మేకర్ 7, తెలుగుకి అను ఫాంట్లు. పదిహేనేళ్ల ఫైళ్లున్నాయి. యాపిల్ అనే తెలుగు కీబోర్డు వరసలో కీల వైపు చూడకుండా కొడతారు. పెళ్లిళ్ల సీజన్లో దాని మీద ఇంటికి నాలుగు డబ్బులొస్తాయి.

సీమ_శెనిక్కాయ
ఇది కదా మొదటి పోస్టులో రాయాల్సింది.

అచ్చుగుండు
విజయవాడలో పాతికేళ్లుగా డీటీపీ చేస్తున్నాను, ఈ ఒక్క విషయం నాకు బాగా తెలుసు కాబట్టి కొంచెం పెద్దగా రాస్తాను.

అను ఫాంట్లు యూనికోడ్ కావు, అంటే ప్రతి అక్షరానికి అన్ని కంప్యూటర్లలోనూ ఒకే కోడ్ ఉండే పద్ధతిలో చేసినవి కావు. ఇంగ్లీషు అక్షరాలకి కేటాయించిన చోట్లలో తెలుగు అక్షరాల ముక్కలు కూర్చారు. తలకట్టు ఒక ముక్క, కొమ్ము ఒక ముక్క, వత్తు ఇంకో ముక్క. మనం కీ నొక్కితే స్క్రిప్ట్ మేనేజర్ అనే ప్రోగ్రాం ఆ ముక్కల్ని వరసగా పేర్చి అక్షరంలా చూపిస్తుంది. అందుకే ఆ ఫాంట్ లేని మెషిన్లో ఫైలు తెరిస్తే తెలుగు బదులు పిచ్చి గుర్తులు కనిపిస్తాయి. ఫాంట్లు లైనక్స్‌లో వేసుకోవచ్చు. స్క్రిప్ట్ మేనేజర్ మాత్రం విండోస్ ప్రోగ్రాం. విండోస్ ప్రోగ్రాంలను లైనక్స్‌లో నడిపే వైన్ పెట్టి నడిపిస్తానని మీవారికి మాట ఇవ్వకండి. ఒకరోజు నడుస్తుంది, సరిగ్గా ముహూర్తాల ముందు మొరాయిస్తుంది.

ఇంకో సంగతి. శుభలేఖలో పెళ్లికూతురి పేరులో ఒక వత్తు పోయిందనుకోండి. ఐదొందల కార్డులు అచ్చయ్యాక చూస్తారు. ఆ కాగితం, ఆ కూలి ఎవరి నెత్తిన పడుతుంది? డీటీపీ చేసినవాడి నెత్తినే. నాకు రెండుసార్లు పడింది. మీవారు "కెలకొద్దు" అన్నప్పుడు ఆయన కళ్ల ముందు ఆ కార్డుల కట్టలే ఉంటాయమ్మా.

పెంగ్విన్_1991
అచ్చుగుండు గారూ, 2025లో కూడా అను ఏంటండీ? యూనికోడ్‌కి మారమని చెప్పాలి గానీ ఇలా భయపెడితే ఎలా? పాత ఫైళ్లు యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్లు నెట్‌లో ఉన్నాయి. లిబ్రే ఆఫీస్ డ్రా పేజ్‌మేకర్ ఫైళ్లు తెరుస్తుంది కూడా.

అచ్చుగుండు
తెరుస్తుంది. తెరిచాక అమరిక ఎక్కడికక్కడ కదిలిపోతుంది. కన్వర్టర్‌లో పోసిన ప్రతి పేజీ మళ్లీ ప్రూఫు చదవాలి. పదిహేనేళ్ల ఫైళ్లు ఎవరు చదువుతారు బాబూ, మీరొస్తారా?

యూనికోడ్ వద్దని నేను అనను. ఒకప్పుడు యూనికోడ్‌లో పోతన, వేమన, గౌతమి తప్ప చెప్పుకోదగ్గవి తక్కువ, శుభలేఖకి సరిపోయే ఫాంటే ఉండేది కాదు. ఇప్పుడు మండలి, రామభద్ర, ఎన్టీఆర్, గిడుగు, పెద్దన, తిమ్మన, ధూర్జటి, సురవరం, ఇన్ని వచ్చాయి. అన్నీ ఉచితం, గూగుల్ ఫాంట్స్‌లో దొరుకుతాయి. కొత్త పనులు వాటితో మొదలుపెట్టమనండి, పాతవి పాతచోటే ఉండనివ్వండి.

సంతకం_టోకెన్
మాకూ ఇలాంటి చిక్కే, కాకపోతే టాలీతో. నేను అకౌంట్స్ రాస్తాను, టాలీ ప్రైమ్ విండోస్‌కే ఉంది. మావారు లైనక్స్ వేసి దాంట్లో వర్చువల్ మెషిన్ పెట్టి, అంటే లైనక్స్ లోపలే విండోస్ నడిపి, టాలీ తెరిచి చూపించారు. తెరుచుకుంది. 8 జీబీ ర్యామ్‌లో రెండు సిస్టంలు ఒకేసారి నడిస్తే ఎలా ఉంటుందో మార్చి నెలాఖరులో చూశాను. అంతటితో వద్దన్నాను. ఇప్పుడు ఆయన లాప్‌టాప్‌లో లైనక్స్, నా డెస్క్‌టాప్‌లో విండోస్. ఒప్పించడం అంటే ప్రతిసారీ అవతలివాళ్లే మారాలని ఎందుకు?

కంగారొద్దు
అసలు తొందరేముంది? మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ అయ్యి సెట్టింగ్స్ బ్యాకప్ ఆన్ చేస్తే విండోస్ 10కి అదనపు సెక్యూరిటీ అప్‌డేట్లు 2026 అక్టోబర్ 13 దాకా వస్తాయి. విండోస్ అప్‌డేట్ పేజీలో నమోదు లింకు ఉంటుంది. దాదాపు ఏడాది టైం దొరికినట్టే.

గోదారి_గట్టు
ఇది నాకు తెలీదు. థాంక్సండీ, ఇవాళే చూస్తా.

కాఫీ_డికాషన్
ఇన్‌స్టాల్ పెన్‌డ్రైవ్ తయారుచేసే రూఫస్ అనే ప్రోగ్రాంతో టీపీఎం చెక్ తీసేసి విండోస్ 11 కూడా వేసుకోవచ్చక్కా. మా ఫ్రెండ్ నాలుగో తరం ఐ5లో వేశాడు.

కంగారొద్దు
వేసుకోవచ్చు. కానీ అలాంటి మెషిన్లకి అప్‌డేట్లు వస్తాయన్న హామీ లేదని మైక్రోసాఫ్ట్‌వాళ్లే రాశారు. ఆవిడ భయమంతా అప్‌డేట్ల గురించే కదా.

కొచ్చి_తెలుగోడు
కేరళలో సర్కారు బడుల్లో పిల్లలు చాలా ఏళ్లుగా లైనక్స్ మీదే నేర్చుకుంటున్నారు. ఐటీ@స్కూల్ అని మొదలైంది, ఇప్పుడు కైట్ అంటారు, వాళ్ల సొంత లైనక్స్ కూడా ఉంది. మా పిల్లలిద్దరికీ ఇంట్లో విండోస్, బడిలో లైనక్స్, తడుముకోకుండా రెండూ వాడతారు. మీ పాప గురించి బెంగ పెట్టుకోకండి. కాకపోతే ఆన్‌లైన్ పరీక్షలకి వాడే, వేరే ఏదీ తెరవనివ్వని లాక్ బ్రౌజర్లు కొన్ని విండోస్, మ్యాక్‌లకే ఉన్నాయి, అది ముందే కనుక్కోండి.

డాలస్_బాబాయ్
తెనాలిలో మా అమ్మానాన్నల కంప్యూటర్‌కి మూడేళ్ల కిందట మింట్ వేశాను. ఒప్పించాల్సింది నాన్నని. నేనేం వాదించలేదు. ఆయన రోజూ చేసే పనులు కాగితం మీద రాయమన్నాను. పేపర్ చదవడం, ప్రవచనాలు వినడం, పెన్షన్ స్టేట్‌మెంట్ ప్రింటు తీయడం, మనవడితో వీడియో కాల్. నాలుగే. ఆ నాలుగూ మింట్‌లో ఆయన చేతే చేయించి ఒక్కోదానికి టిక్ పెట్టించాను. ప్రింటర్ దగ్గర ఆగిపోయాం. అది లైనక్స్‌తో ఇబ్బంది పెట్టే రకం లేజర్ ప్రింటర్, రెండు రోజులు తల బద్దలు కొట్టుకున్నాం. మీరు ముందు ప్రింటర్ మోడల్ చూసుకోండి, డీటీపీ ఇంట్లో అదే ప్రాణం.

వంటింటి_వాకిలి
కాగితం మీద రాయించడం చాలా మంచి మాట బాబాయ్ గారూ. నన్నూ ఎవరైనా అలా అడిగుంటే బాగుండేది.

స్క్రూడ్రైవర్_శీను
అందరూ మార్చాలా వద్దా అనే మాట్లాడుతున్నారు. రెండూ పెట్టుకోవచ్చు కదా. కానీ ఒకే డిస్కులో రెండు సిస్టంలు పెట్టే డ్యూయల్ బూట్ వద్దు. ఒక 256 జీబీ ఎస్‌ఎస్‌డీ కొనండి. పాత హార్డ్‌డిస్క్ కేబుల్ పీకేసి, ఎస్‌ఎస్‌డీ ఒక్కటే పెట్టి దాంట్లో మింట్ వేయండి. అప్పుడు పొరపాటున కూడా మీవారి ఫైళ్ల మీద చెయ్యి పడదు. ఆ కేబుల్ ఆయన చేతే పీకించండి, తన డిస్కు బయట ఉందని కళ్లారా చూస్తే మనిషికి నిబ్బరం. అయ్యాక మళ్లీ కేబుల్ పెట్టేసి, ఆన్ చేసేటప్పుడు బూట్ మెనూ కీ నొక్కి ఏది కావాలో ఎంచుకోవడమే. ఆ కీ బోర్డును బట్టి ఎఫ్8, ఎఫ్11, ఎఫ్12 ఏదో ఒకటి ఉంటుంది.

ఒక్క జాగ్రత్త. విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ ఆపేయండి. అది ఆన్‌లో ఉంటే విండోస్ పూర్తిగా షట్‌డౌన్ అవ్వదు, అప్పుడు మింట్ నుంచి డి డ్రైవ్ తెరిస్తే చదవనిస్తుంది గానీ రాయనివ్వదు.

అచ్చుగుండు
శీనూ, బాగా చెప్పావు. నేను ఇంకోటి కలుపుతాను. విండోస్ వైపు మాత్రం నెట్ కనెక్షన్, వైఫై పూర్తిగా ఆపెయ్యండి. పేజ్‌మేకర్‌కి నెట్‌తో పనే లేదు. నెట్ లేని మెషిన్‌కి బయటినుంచి వచ్చే గండం చాలావరకు తగ్గుతుంది.

గోదారి_గట్టు
మరి కస్టమర్లు మేటర్ వాట్సాప్‌లో పంపిస్తారు కదండీ. దేవుడి బొమ్మలు, పెళ్లివాళ్ల ఫోటోలు అన్నీ అందులోనే. ప్రెస్‌వాళ్లయితే పెన్‌డ్రైవ్ ఇస్తారు. పోయిన శ్రావణంలో అలా వచ్చిన ఒక పెన్‌డ్రైవ్‌తో ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్లుగా మారిపోయాయి. రెండు రోజులు పని ఆగింది. ఆయన అన్నం కూడా సరిగా తినలేదు.

పెంగ్విన్_1991
ఒక్క నిమిషం. ఒప్పించే దారి ఇదే మీకు! ఆ షార్ట్‌కట్ వైరస్ అసలు ఫోల్డర్లని దాచేసి, వాటి పేరుతో విండోస్ షార్ట్‌కట్లు పెడుతుంది. లైనక్స్‌కి ఆ దాచిపెట్టే గుర్తు పట్టదు, అసలు ఫోల్డర్లు మామూలుగానే కనిపిస్తాయి. ఆ షార్ట్‌కట్లు నొక్కినా ఏమీ నడవదు. మింట్ లైవ్ పెన్‌డ్రైవ్ ఒకటి తయారుచేసి, ఏమీ ఇన్‌స్టాల్ చేయకుండా దాంతోనే బూట్ చేసి, ప్రెస్‌వాళ్ల పెన్‌డ్రైవ్ ఆయన ముందు తెరవండి. వాట్సాప్ వెబ్ కూడా మింట్‌లోనే పెట్టుకోండి, వచ్చిన ఫోటోలు డి డ్రైవ్‌లో దించితే విండోస్‌కి వెళ్లాక అక్కడే ఉంటాయి.

అచ్చుగుండు గారూ, అను గురించి నేను దుడుకుగా మాట్లాడాను. ఆ పని చేసేవాళ్ల ఇబ్బంది నాకు తెలీదు.

అచ్చుగుండు
అయ్యో, దానిదేముంది. ఈ పెన్‌డ్రైవ్ ఉపాయం నాకూ కొత్తే, నా షాపులోనూ చేస్తాను.

లేఖకుడు_కడప
టైపింగ్ గురించి ఎవరూ చెప్పలేదు. మింట్‌లో తెలుగు టైపింగ్‌కి వాడే ఐబస్, ఎం17ఎన్ ప్యాకేజీ వేసుకుంటే ఇన్‌స్క్రిప్ట్, ఆర్‌టీఎస్, ఐట్రాన్స్ అనే కీబోర్డు పద్ధతులతో పాటు యాపిల్ వరస కూడా ఉంది. మీ ఆయన వేళ్లకు అలవాటైనదే. డీటీపీవాళ్ల యాపిల్‌తో ఒకటి రెండు కీలు తేడా రావచ్చు, ముందే ఒక పేరా కొట్టించి చూడండి. చూడకుండా కొట్టేవాళ్లకి ఒక్క కీ మారినా చెయ్యి ఆగిపోతుంది, నాకు ఆ బాధ తెలుసు.

ఉప్పల్_రింగ్‌రోడ్
ముహూర్తాల టైంల మాత్రం ముట్టుకోకండి మేడం. పని తక్కువున్న రోజులు చూసి మొదలుపెట్టండి.

మిరపబజ్జీ
శూన్యమాసంలో లైనక్స్ స్థాపన. పంచాంగంలో ఇది కూడా వేయాలి ఇక.

గోదారి_గట్టు
మూడు వారాలైంది. ఏం జరిగిందో చెప్పాలి కదా.

ముందు ఆ మూడో గొడవకి సారీ చెప్పాను. మీ పని ఏంటో అడక్కుండా నా పని గురించే మాట్లాడాను అన్నాను. ఆయన కాసేపు ఏమీ అనలేదు. తర్వాత తనే కాగితం తీసుకుని తన పనులు రాశారు. డాలస్ బాబాయ్ గారి నాన్నగారివి నాలుగైతే మావారివి పదకొండు వచ్చాయి. పదకొండింటిలో ఏడు అను, పేజ్‌మేకర్లతోనే ముడిపడి ఉన్నాయి. ఆ కాగితం చూశాక విండోస్ తీసేద్దామన్న మాట నేను మళ్లీ ఎత్తలేదు.

తర్వాత ఆదివారం లైవ్ పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి, ఆ శ్రావణం నాటి పెన్‌డ్రైవ్ ఇంకా సొరుగులోనే ఉంటే అదే పెట్టాను. ఫోల్డర్లన్నీ కనిపించాయి. ఆయన కుర్చీ దగ్గరికి లాక్కుని ఒక్కోటీ తెరిచి చూశారు. ఒక పెళ్లివాళ్ల కార్డు దాంట్లోనే పోయిందనుకుని అప్పుడు రాత్రంతా కూర్చుని మళ్లీ కొట్టారు. అది అక్కడే భద్రంగా ఉంది. "అప్పుడే ఈ సంగతి తెలిసుంటే" అన్నారు.

ఎస్‌ఎస్‌డీ ఆయనే వెళ్లి తెచ్చారు. శీను గారు చెప్పినట్టు కేబుల్ ఆయన చేతే పీకించాను. మింట్ వేయడానికి పావుగంట పట్టింది. విండోస్ వైపు నెట్ తీసేశాం. డి డ్రైవ్ ఐకాన్ మొదటిరోజే పెట్టాను వాకిలి గారూ. ప్రింటర్ మింట్‌లో కూడా పలికింది, దానికోసం మాత్రం ఊపిరి బిగబట్టాను. యాపిల్ వరసలో రెండు కీలు తేడా వచ్చాయి. చీటీ రాసి మానిటర్ అంచుకి అతికించుకున్నారు.

ఆయన పెట్టిన షరతులు రెండు. పెళ్లిళ్ల సీజన్లో ఏ అప్‌డేటూ చేయకూడదు, ఏది మార్చినా ముందు తనకి చెప్పాలి. రెండూ ఒప్పుకున్నాను.

ఉప్పల్_రింగ్‌రోడ్
మస్తు సంతోషం మేడం. ఆ రెండో షరతు నేను అప్పుడు పాటించి ఉంటే బాగుండు.

సంతకం_టోకెన్
పదకొండు పనుల కాగితం దాచుకోండి. రేపు ఏదైనా ఆగితే అదే చూసుకోవాలి.

గోదారి_గట్టు
దాచాను. ఇప్పుడు ఆయన నుంచి ఒక ప్రశ్న. ట్యూషన్ సెంటర్ ప్రశ్నపత్రాలు యూనికోడ్‌లో చేసి చూద్దామనుకుంటున్నారు. పేజ్‌మేకర్‌లా లైనక్స్‌లో స్క్రైబస్ ఉందని ఎవరో చెప్పారట. దాంట్లో తెలుగు వత్తులు సరిగ్గా పడతాయా?

పెంగ్విన్_1991
పాత 1.4లో విడిపోతాయి, దాని జోలికి వెళ్లొద్దు. 1.6 వేసుకోండి, దాంట్లో వత్తులు, గుణింతాలు కూర్చే పద్ధతి వచ్చింది. మింట్ సాఫ్ట్‌వేర్ మేనేజర్‌లో వెతికితే రెండు రకాలు కనిపిస్తాయి, ఫ్లాట్‌ప్యాక్ అని రాసి ఉన్న రకం ఎంచుకోమనండి.

అచ్చుగుండు
ముందుగా "స్త్రీ", "రాష్ట్రం", "జ్యోత్స్న", "లక్ష్మి" ఈ నాలుగూ వాడదలచుకున్న ప్రతి ఫాంట్‌లోనూ కొట్టి, పీడీఎఫ్ తీసి, కాగితం మీద ప్రింటు చూడమనండి. తెర మీద బాగానే కనిపించి కాగితం మీద దొర్లే ఫాంట్లుంటాయి. నాలుగూ నిలబడితే ఆ ఫాంట్‌తో ప్రశ్నపత్రం మొదలుపెట్టొచ్చు.